వాగు దగ్గర పురుగుల ఫోటోలకి మాక్రో లెన్స్ ఇప్పుడే కొనాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఊరు కదిరి, ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో. చేతిలో క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా, దాంతోపాటు వచ్చిన కిట్ లెన్స్, 55-250 మిల్లీమీటర్ల జూమ్, ఒక మామూలు ఫ్లాష్ ఉన్నాయి. వానలు తగ్గాక సకలేశపుర, ఆగుంబె వైపు కొండ వాగుల దగ్గర తూనీగలు, సాలీళ్లు, సీతాకోకచిలుకలు తీయాలని ఉంది. కూర్గ్‌లో తీసినవి చాలావరకు షేక్ అయ్యాయి, ఫ్లాష్ వేస్తే వెనకంతా నల్లగా వచ్చింది, దగ్గరికి వెళ్తే అన్నీ ఎగిరిపోయాయి. అందుకని జీతంలో ఇంత పక్కన పెట్టి 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్స్, కొంటే పని అవుతుందా అని అడిగావు.

ఇప్పుడు కొనొద్దు. నువ్వు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఆ లెన్స్ తీర్చేది ఒక్కటీ లేదు. షేక్ అవడం, నల్లగా రావడం వెలుతురుకి సంబంధించినవి, ఎగిరిపోవడం నువ్వు అక్కడ ఎలా మెలుగుతున్నావు అన్నదానికి సంబంధించింది. లెన్స్ కొనే రోజు వస్తుంది, అది ఎప్పుడో కింద చెప్తాను.

ముందు ఎగిరిపోవడం సంగతి చూద్దాం, ఎందుకంటే పురుగు నిలబడకపోతే మిగతా ఏదీ పనికిరాదు. వాగు కనపడగానే చాలామంది ప్యాంటు మడిచి నీళ్లలో దిగి పైకి నడుచుకుంటూ పోతారు, ఏది కనిపిస్తే దాని మీదకి కెమెరా ఎత్తుతారు. అలా నడిచేవాళ్లకి పారిపోతున్న పురుగులే కనిపిస్తాయి. వాగు మీద ఉండే తూనీగల్లో మగవాటికి చాలావరకు ఒక చోటంటూ ఉంటుంది. నడి నీళ్లలో ఒక రాయి, నీళ్ల మీదకి వంగిన ఒక పుల్ల, చెట్ల సందుల్లోంచి ఎండ పడే కాస్త జాగా. ఇంకో మగది వస్తే తరిమేస్తుంది, తరిమాక తిరిగొచ్చి ఆ పుల్ల మీదే వాలుతుంది. కాబట్టి అది లేచిపోయినప్పుడు దాని వెంట పడకు. అది లేచిపోయిన ఆ కాసేపట్లోనే నువ్వు ఆ పుల్లకి దగ్గరగా జరిగి కూర్చో, కెమెరా కంటికి ఆనించుకో, కదలకు. పుల్ల మీద ముందే ఫోకస్ చేసి పెట్టుకుంటే అది వాలగానే నువ్వు సవరించాల్సింది కొంచెమే ఉంటుంది. మొదట్లో అర్ధగంట వృథా అయినట్టు అనిపిస్తుంది, తర్వాత అదే వాగు ముక్కలో ఎవరెవరు ఎక్కడ ఉంటారో నీకే తెలిసిపోతుంది. నేనైతే కొత్త వాగు దగ్గరికి వెళ్తే మొదటి గంట కెమెరా బ్యాగులోంచి తీయను.

పురుగు కంటికి కదలిక బాగా తెలుస్తుంది. పక్కలకి ఊగుతూ వెళ్తే వెంటనే పట్టేస్తుంది, నేరుగా, నెమ్మదిగా, వంగి వెళ్తే చాలాసేపు పట్టించుకోదు. నీ నీడ దాని మీద పడిందా, పోయినట్టే. కాబట్టి సూర్యుడు ఎటున్నాడో చూసుకుని బయల్దేరాలి. లేత రంగు చొక్కా, చేతికి మెరిసే గడియారం వద్దు. మాట్లాడుకోవడం వల్ల పెద్దగా ఏమీ కాదు కానీ రాయి మీద నుంచి రాయి మీదకి ధబధబా దూకితే ఆ అదురు కొమ్మలకి కూడా తగులుతుంది.

వేళ గురించి కూడా తెలుసుకో. పురుగు ఎగరాలంటే దాని ఛాతీలోని రెక్కల కండరాలు ముందు వేడెక్కాలి. కొండల మీద తెల్లవారుజామున చలికి తూనీగలు, సీతాకోకచిలుకలు గడ్డి చివర, ఆకుల అంచున మంచు బొట్లతో అలాగే బిగుసుకుని ఉంటాయి, ఆ వేళ ట్రైపాడ్ పెట్టి నింపాదిగా తీసుకోవచ్చు. అవి వేడెక్కే దాకా ఎగరలేవు కాబట్టే వాటిని ముట్టుకోకూడదు, పారిపోలేని జీవి అది ఆ కాసేపు. కానీ వాగు మీద ఆట మొదలయ్యేది ఎండ నీళ్లదాకా దిగాకే, లోయల్లో అది పది గంటలు కావచ్చు, ఇంకా ఆలస్యమూ కావచ్చు. అందుకే నా లెక్క ఇలా ఉంటుంది: పొద్దున్నే వాగు పక్క గడ్డి, పొదలు, తర్వాత టిఫిన్, పది నుంచి రెండింటి వరకు వాగు ఒడ్డు. చాలామంది పొద్దున ఆరుకి వాగు దగ్గరికి వెళ్లి ఏమీ లేదని తొమ్మిదికి వెనక్కి వచ్చేస్తారు.

అక్కడ ఏం చూడాలో చెప్తాను. స్ట్రీమ్ గ్లోరీ అని ఒక సన్న తూనీగ, డామ్‌సెల్‌ఫ్లై జాతి, ఒళ్లు ఆరు సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు మగది చూస్తే గోధుమ రంగులో మామూలుగా ఉంటుంది, చూసి వదిలేస్తావు. కానీ ఉన్నట్టుండి వెనక రెక్కలు తెరుస్తుంది, అప్పుడు ఆకుపచ్చ లోహం మెరిసినట్టు వాగంతా దానివైపే తిరిగినట్టు ఉంటుంది. తెరిచి, మూసి, మళ్లీ కాసేపటికి తెరుస్తుంది. ఆ తెరిచిన క్షణం కావాలంటే దాని మీద నుంచి కన్ను తీయకుండా ఉండాలి, వేరే దారి లేదు. ఆ మెరుపు ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు, రెక్క మీది అతి పలచని పొరల్లో కాంతి తిరిగి రావడం వల్ల వచ్చింది, కాబట్టి కోణం మారితే మెరుపు కూడా మారిపోతుంది. ఫ్లాష్ ముందు నుంచి కొడితే ఆ రెక్క ఒక్కోసారి చచ్చిపోయినట్టు వస్తుంది. దీనికి ఫ్లాష్ బదులు ఎండనే వాడుకో. ఒక మాట గమనించు: నీ 55-250 లెన్స్ 250 దగ్గర దాదాపు మీటరు దూరం నుంచి ఫోకస్ చేస్తుంది, ఫ్రేమ్‌లో అడ్డంగా ఏడెనిమిది సెంటీమీటర్లు పడుతుంది. అంటే స్ట్రీమ్ గ్లోరీకి సరిగ్గా సరిపోయే లెన్స్ నీ దగ్గర ఇప్పటికే ఉంది. 100 మాక్రోతో అదే సైజు రావాలంటే ఇంకా చాలా దగ్గరికి వెళ్లాలి, అది ఊరుకోదు.

స్ట్రీమ్ రూబీ ఇంకా చిన్నది, నల్ల రెక్కల మీద గులాబీ రంగు మచ్చలు, అవి కూడా కోణం కుదిరితేనే వెలుగుతాయి. నీళ్ల మధ్య రాళ్ల మీద, పుల్లల మీద కూర్చుంటుంది. మలబార్ టారెంట్ డార్ట్ పడమటి కనుమల్లో తప్ప ఎక్కడా లేదు, మగదాని ఒళ్లు ఎర్రగా, వెనక రెక్కల చివర్లు నల్లగా ఉంటాయి, నీళ్లు జోరుగా పారే చోటే దీని నివాసం. నిలవ మడుగుల దగ్గర దీన్ని వెతికి లాభం లేదు. ఇలా ఏది ఎలాంటి నీళ్లు కోరుకుంటుందో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. నీడలో ఉండే ఫారెస్ట్ గ్లోరీలు వాగు పక్క పొదల్లో దొరుకుతాయి, ఎండలోకి రావడం తక్కువ.

తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలడం చూసే ఉంటావు. ఎక్కువగా మగవే, మట్టిలోని ఉప్పు, ముఖ్యంగా సోడియం కోసం వస్తాయి, అందులో కొంత జతకట్టేటప్పుడు ఆడదానికి అందుతుంది. ఇవి వాలిన వెంటనే వెళ్లకు. తాగడం మొదలుపెట్టి కుదురుకున్నాక బోర్లా పడుకుని మోచేతుల మీద జరుగుతూ వెళ్లు, గుంపు అంచున ఉన్నదాన్ని తియ్యి, నడిమిదాని కోసం చేయి చాపితే అన్నీ లేస్తాయి. రెక్క పక్క నుంచి కనిపిస్తున్నప్పుడు కెమెరా సెన్సర్ రెక్కకి సమాంతరంగా ఉండాలి, కాస్త వంకర ఉన్నా ఒక చివర మసకబారుతుంది. కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక సదరన్ బర్డ్‌వింగ్, దేశంలోని అతి పెద్దవాటిలో ఒకటి, ఇది కూడా పడమటి కనుమలదే. చెట్ల పైన ఎత్తులో తిరుగుతుంది కాబట్టి ఎక్కువమందికి ఆకాశంలో నల్లని చుక్కలాగే దొరుకుతుంది, పూల పొద దగ్గర కాపు కాస్తేనే కుదురుతుంది.

తూనీగలూ సీతాకోకచిలుకలూ అందరూ తీస్తారు, కింద రాళ్ల మీద ఉన్నవాటిని కూడా చూడు. వాగులో రాళ్ల అంచున నీటి మట్టానికి జానెడు పైన ఎండిన గుల్లల్లాంటివి అతుక్కుని ఉంటాయి. అవి తూనీగ పిల్లలు నీళ్లలోంచి పైకి వచ్చి, వీపు చీల్చుకుని, రెక్కలతో బయటికి వచ్చాక వదిలేసిన కుబుసాలు. ఎగరవు, కదలవు, కాళ్ల గోళ్ల దాకా వివరం ఉంటుంది. మాక్రో నేర్చుకోవడానికి వాటిని మించిన మోడల్ లేదు. అలాంటివి తాజాగా కనిపిస్తే మర్నాడు తెల్లవారుజామునే అక్కడికి రా, ఇంకొకటి బయటికి వస్తూ దొరకవచ్చు. రాళ్ల కింద మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువుల్ని పట్టుదారంతో అతికించి గూడు కట్టుకునే కాడిస్‌ఫ్లై పిల్లలు ఉంటాయి. ఇవి ఉన్నాయంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు. కానీ రాయి తిప్పడం అంటే ఒక ఇల్లు తిప్పడం. ఒకటి తిప్పితే ఎలా ఉందో అలాగే, అదే పక్క కిందికి వచ్చేలా పెట్టాలి. పారే చల్లని నీటికి అలవాటైన ప్రాణులు అవి, గిన్నెలో నిలవ నీళ్లు కాస్త వేడెక్కితే ఆక్సిజన్ తగ్గి చచ్చిపోతాయి. తెల్ల గిన్నెలో వేసి ఫోటో తీయాలనుకుంటే నీడలో, ఒకటి రెండు నిమిషాల్లో ముగించి ఎక్కడివక్కడ వదిలెయ్యి.

అడవి నేల మీద లావుపాటి రోకలిబండ (మిల్లిపీడ్) జాతి ఒకటి ఉంటుంది, ముట్టుకుంటే గోలీలా చుట్టుకుంటుంది. దాన్ని ముట్టుకుని చుట్టించి తీసిన ఫోటోలు చాలా చూశాం, నడుస్తున్నప్పుడు తీసినవి తక్కువ. నడుస్తున్నది తియ్యి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల వరుస కనిపిస్తే అందులో తేడాగా నడిచేదాన్ని వెతుకు, ఎనిమిది కాళ్లుంటే అది చీమ కాదు, చీమ వేషం వేసిన సాలీడు. ముందు కాళ్లు మీసాల్లా ఎత్తుకుని తిరుగుతుంది. మగదాని దవడలు ముందుకి ఎంత పొడుగ్గా ఉంటాయంటే ఒక చీమ ఇంకో చీమని మోసుకుపోతున్నట్టే కనిపిస్తుంది. ఇది చూడ్డానికి కనుమలదాకా పోనక్కర్లేదు, బెంగళూరులోనే మామిడి చెట్ల మీద దొరుకుతుంది.

ఇప్పుడు వెలుతురు. 1:1 సైజులో, అంటే పురుగు ఎంతుందో సెన్సర్ మీద అంతే పడేలా తీసినప్పుడు, లెన్స్ కంతని ఎఫ్11 దాకా చిన్నది చేసినా పదునుగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నీ ఊపిరికే అంతకంటే ఎక్కువ కదులుతావు. పైగా కనుమల్లో పచ్చని అడవి కింద మధ్యాహ్నం కూడా వెలుతురు అంతంత మాత్రం, ఎఫ్8 పెట్టి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800 చేసినా చాలాచోట్ల షట్టర్ 1/30 సెకనుకి పడిపోతుంది. చేత్తో పట్టుకుని అది షేక్ కాకుండా రావడం కష్టం, ఏ లెన్స్‌తోనైనా అంతే. ఫ్లాష్ అక్కడ చేసే పని వెలుగు ఇవ్వడం మాత్రమే కాదు, కదలికని ఆపడం. ఫ్లాష్‌ని 1/16 పవర్‌లో పెడితే అది వెలిగేది దాదాపు 1/5000 సెకను, అంతకంటే తక్కువ కూడా. ఫోటో ఆ కాస్త కాలంలోనే పడుతుంది కాబట్టి నీ చేతి వణుకు కనపడదు. మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200, ఎఫ్8 నుంచి ఎఫ్11, ఐఎస్ఓ 200 నుంచి 400, ఫ్లాష్ 1/16 దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ సవరించు. లోతు కోసమని ఎఫ్22కి పోకు, అక్కడ డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ చిన్న కంతలో కాంతి చెదరడం వల్ల, మొత్తం ఫోటోయే మెత్తబడిపోతుంది.

ఫ్లాష్‌ని వట్టిగా వాడితే మాత్రం పెంకు పురుగు వీపు మీద ఒక తెల్లని మచ్చ, మిగతాదంతా చీకటి. మెరిసే పెంకు తన ముందున్న వెలుగుని అద్దంలా చూపిస్తుంది. వెలుగు చిన్నదైతే చిన్న మంట మచ్చ, పెద్దదైతే మెత్తని తళుకు. కాబట్టి ఫ్లాష్ వెలుగుని పరిచి మెత్తబరిచే తెర, అంటే డిఫ్యూజర్, పెద్దగా ఉండాలి, పురుగుకి వీలైనంత దగ్గరగా ఉండాలి. టీవీ, ల్యాప్‌టాప్ పెట్టెల్లో చుట్టి వచ్చే తెల్ల ఫోమ్ షీట్ రెండు పొరలు, తెల్ల ప్లాస్టిక్ ఫైల్ అట్ట ఒకటి, రబ్బరు బ్యాండ్లు, టేపు ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. ఫ్లాష్ తల నుంచి లెన్స్ చివర దాకా ఒంపుగా పందిరిలా వచ్చేలా కట్టు. కొనే డిఫ్యూజర్లూ బావుంటాయి, కానీ నీ లెన్స్‌కి, నీ దూరానికి సరిపోయేలా నువ్వు కట్టుకున్నదే నాకు మేలు అనిపిస్తుంది. నీ డబ్బు, నీ ఆదివారాలు మొదట పోవాల్సింది ఈ డిఫ్యూజర్ మీదే. ఫోటో బావుందా లేదా అన్నది సగానికి పైగా ఇక్కడే తేలుతుంది.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఎందుకొస్తుందంటే, ఫ్లాష్ వెలుగు దూరంతో పాటు వేగంగా పడిపోతుంది. దూరం పది రెట్లయితే వెలుగు నూరో వంతు. పురుగు డిఫ్యూజర్‌కి 20 సెంటీమీటర్లలో ఉండి, వెనక పొద 2 మీటర్లలో ఉంటే పొదకి అందేది నూరో వంతే, అది నల్లగానే వస్తుంది. దీనికి రెండు దారులు. ఒకటి, నువ్వు పక్కకి జరిగి పురుగు వెనక దగ్గర్లోనే ఒక ఆకో రాయో వచ్చే కోణం వెతుక్కోవడం. పురుగుని జరపొద్దు, నువ్వు జరుగు. రెండోది, ఐఎస్ఓ 800కి పెంచి షట్టర్ 1/60కి తగ్గించి అడవిలోని వెలుతురుని కూడా కొంచెం లోపలికి రానివ్వడం, అప్పుడు పురుగుని ఫ్లాష్ ఆపుతుంది, వెనక ఆకుపచ్చగా వస్తుంది. వాగులో రాయి మీద కూర్చున్న తూనీగకి ఇదే పద్ధతిని ట్రైపాడ్ మీద 1/8, 1/15 దాకా తీసుకెళ్తే వెనక నీళ్లు పాల తెరలా పారుతూ, తూనీగ పదునుగా వస్తుంది. అది ఒక్కటి బాగా కుదిరితే వాగు, దానిలో బతికే ప్రాణి రెండూ ఒకే ఫోటోలో ఉంటాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో అదే.

నీళ్ల మీద మెరుపు తగ్గాలంటే సర్క్యులర్ పోలరైజర్ అనే ఫిల్టర్‌ని లెన్స్ ముందు పెట్టి తిప్పి చూడు, నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో కిందికి చూస్తున్నప్పుడు బాగా పనిచేస్తుంది. వెలుతురులో సగానికి పైగా (ఒకటిన్నర స్టాపులు) తినేస్తుంది కాబట్టి నీడ చోట పెట్టకు.

ఫోకస్ ఆటో మీద వదిలెయ్యకు. మాన్యువల్‌లో సైజు ఖాయం చేసుకుని, ఒంటిని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊపుతూ కన్ను పదునుగా వచ్చినప్పుడు నొక్కు. మోచేయి మోకాలికి ఆనించు. పురుగు కొమ్మ మీద ఉంటే ఎడమ చేత్తో కొమ్మని దూరంగా, సున్నితంగా పట్టుకుని ఆ చేతి మీదే లెన్స్ ఆనిస్తే రెండూ కలిసి కదులుతాయి, తేడా చాలా తగ్గుతుంది. స్టాకింగ్ (వేర్వేరు చోట్ల ఫోకస్ చేసి తీసిన ఫోటోలని ఒకటిగా కలపడం) గురించి అడగలేదు కానీ అడుగుతావు, తెల్లవారుజామున కదలని వాటికి మాత్రం పెట్టుకో, తర్వాత చూద్దాం.

సామాను విషయానికి వస్తే, ఇప్పుడు కొనాల్సింది రేనాక్స్ డీసీఆర్-250 అనే చిన్న క్లోజప్ లెన్స్. ముందు అంచున 52 నుంచి 67 మిల్లీమీటర్ల మర (ఫిల్టర్ థ్రెడ్) ఉన్న ఏ లెన్స్‌కైనా క్లిప్‌లా తగులుతుంది. దాని ఫోకల్ లెంగ్త్ 125 మిల్లీమీటర్లు, నీ జూమ్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉందో ఆ అంకెని దాంతో భాగిస్తే ఎంత పెద్దగా వస్తుందో తెలుస్తుంది. 125 దగ్గర 1:1, 250 దగ్గర 2 రెట్లు. 2 రెట్ల దగ్గర ఫ్రేమ్ అడ్డం 11 మిల్లీమీటర్లే, గెంతే సాలీడు నిండుగా పడుతుంది. పురుగుకి ఇది పన్నెండు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లాలి, అందుకే తూనీగలకి తీసేసి వట్టి జూమ్ వాడు, సాలీళ్లకి, చీమలకి, పెంకు పురుగులకి తగిలించు. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య తగిలించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కూడా వాడొచ్చు, కానీ అడవి తేమలో మాటిమాటికీ లెన్స్ విప్పడం నాకు నచ్చదు. మాక్రో లెన్స్ ఎప్పుడు కొనాలంటే, ఈ క్లిప్ తీసి పెట్టే పనివల్ల మంచి ఫోటోలు పోతున్నాయని నీకే అనిపించినప్పుడు. అప్పుడు 90 నుంచి 105 మధ్య ఏది కొన్నా తప్పు కాదు, ఈ రోజుల్లో చెడ్డ మాక్రో లెన్స్ దాదాపు లేదు.

సకలేశపుర వెళ్లే ముందు బెంగళూరులో చెయ్యి తిప్పుకో. నీ అపార్ట్‌మెంట్ బాల్కనీ కుండీల్లో, లాల్‌బాగ్ చెట్ల మొదళ్ల మీద, తురహళ్లి అడవి అంచున వారం వారం తియ్యి. నవంబరు దాకా జిగ్‌జాగ్ అల్లిక ఉన్న గూళ్లలో సిగ్నేచర్ సాలీళ్లు బాగా కనిపిస్తాయి, కదలవు, నేర్చుకోవడానికి మంచివి. దసరాకో దీపావళికో కదిరి వెళ్తే అటు తలకోన కూడా ఉంది, శేషాచలం కొండల్లో, అక్కడి వాగు కనుమల వాగుకి తక్కువేమీ కాదు, జనం లేని రోజు చూసుకుని వెళ్లు. తొలకరిలో మన చేలల్లో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయే, ఆ ఎర్ర మఖమల్ మీద డిఫ్యూజర్ సరిగ్గా పనిచేస్తుందో లేదో ఒక్క ఫోటోలో తెలిసిపోతుంది. ఎరుపు కాలిపోయినట్టు వస్తే ఎక్స్‌పోజర్ తగ్గించు.

కనుమల్లో కాఫీ తోటల మధ్య హోమ్‌స్టేలో దిగడం మంచిది, తోటలోనే వాగు ఉండేది చూసుకో. అభయారణ్యాల్లో, నేషనల్ పార్కుల్లో కాలినడకన ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు, అటవీ శాఖ అనుమతి కావాలి. బన్నేరుఘట్ట కూడా అంతే, అక్కడ ఏనుగులున్నాయి. తోటల్లో కూడా సకలేశపుర, కూర్గ్ వైపు ఏనుగులు వస్తాయి కాబట్టి చీకట్లో, తెల్లవారకముందు తోట మనిషి లేకుండా బయటికి పోవద్దు. ఇది మాత్రం కచ్చితంగా పాటించు. అదే తోట మనిషిని అడిగితే రాత్రి వరండా దీపం దగ్గర తెల్ల దుప్పటి కట్టనిస్తారు, దాని మీద వాలే రాత్రి పురుగుల్లో ఒక్క రాత్రిలో వారానికి సరిపడా పని ఉంటుంది. తీశాక దీపం ఆర్పెయ్యి, లేకపోతే తెల్లవారి పక్షులు వచ్చి దుప్పటి మీదవన్నీ తినేస్తాయి.

కూర్చోమని చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. శివమొగ్గ వైపు, ఆగుంబె చుట్టుపక్కల, నవంబరు నుంచి మే దాకా కోతి జ్వరం కాలం. కన్నడంలో మంగన కాయిలె అంటారు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించారు, అడవి పిడుదుల కాటు వల్ల వస్తుంది. ఎండుటాకుల మీద నేరుగా కూర్చోకు, లేత రంగు ప్లాస్టిక్ పట్టా పరుచుకో, దాని మీద పాకే పిడుదు కనిపిస్తుంది. పొడుగు చేతులు, ప్యాంటు సాక్సుల్లోకి దోపు, గదికి రాగానే బట్టలు వేడి నీళ్లలో వేసి ఒళ్లంతా చూసుకుని స్నానం చెయ్యి. చనిపోయిన కోతి కనిపించిన చోట ఆగకు, ఊళ్లో వాళ్లకి చెప్పు. తిరిగొచ్చిన వారం పది రోజుల్లో జ్వరం వస్తే డాక్టరుకి అడవికి వెళ్లొచ్చానని ముందే చెప్పు, బెంగళూరులో ఎవరికీ అది వెంటనే తట్టదు. జలగల గురించి టెన్షన్ పడకు, రోగం తేవు, కరిచిన చోట రక్తం కాసేపు ఆగదంతే, లీచ్ సాక్సులు చాలు. దోమల మందు చేతులకి పూసుకుని కెమెరా పట్టుకుంటే అందులోని డీట్ ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది, ఆ చేతులే వాగులో పెడితే నీళ్లలో ప్రాణులకీ మంచిది కాదు. బట్టల మీద మాత్రం కొట్టుకో. కారులో ఏసీ వేసుకుని వచ్చి తలుపు తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, చేరడానికి పావుగంట ముందు ఏసీ ఆపెయ్యి. తిరిగొచ్చాక డ్రై బాక్సులో సిలికా జెల్‌తో పెట్టకపోతే కనుమల తేమకి లెన్సులో ఫంగస్ వస్తుంది.

ఇంకో విషయం, నాకు చాలా ముఖ్యమైంది. పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, నత్త వీపు మీద గొల్లభామని నిలబెట్టడం, కాళ్లకి జిగురు పెట్టడం, ఇలా తీసిన ఫోటోలు బహుమతులు కూడా తెచ్చుకున్నాయి. నువ్వు ఆ దారిలోకి పోవద్దు. చూడగలిగిన కన్నుకి అవి తెలిసిపోతాయి, అదీకాక ఆ ప్రాణి పడే బాధ ఒక్క ఫోటోకి ఖర్చు పెట్టేది కాదు. ఎంతోమందికి పురుగు అంటే చెప్పుతో కొట్టేది, మనం తీసే ఫోటో ఆ చూపుని మార్చాలి కదా.

చోటు బయటపెట్టడం గురించి మన దగ్గరి ఉదాహరణే ఉంది. గుత్తి పేరు మీద ప్రపంచమంతా తెలిసిన నీలం సాలీడు ఒకటుంది, పోయిసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాని బట్టి దాన్ని వర్ణించాడు. తర్వాత వందేళ్లపాటు దాని జాడ లేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. చాలా తక్కువ మేరలో, చెట్టు తొర్రల్లో బతుకుతుంది, విదేశాల్లో పెంపకానికి అమ్ముకునేవాళ్లకి దాని మీద ఎప్పుడూ కన్ను ఉంది. అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది, దాని జాతివాటి అంతర్జాతీయ వ్యాపారం మీద 2019 నుంచి నియంత్రణ ఉంది. ఇలాంటిది నీ కెమెరాకి దొరికితే ఫోటోలోంచి జీపీఎస్ తీసెయ్యి, ఊరి పేరు కూడా రాయకు. జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టేటప్పుడు చోటు మసకగా చూపించే ఎంపిక ఉంది, అది వాడు. మామూలు జాతులకి మాత్రం చోటు, తేదీ సరిగ్గా ఇవ్వు, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో కూడా పెట్టు, ఏ వాగులో ఏది ఉందో తెలిస్తేనే రేపు అక్కడ ఏదైనా కట్టాలన్నప్పుడు అడిగేవాళ్లకి ఆధారం ఉంటుంది.

పేరు గుర్తుపట్టించుకోవాలంటే ఒక్క అందమైన ఫోటో చాలదు. తూనీగకి పక్క నుంచి ఛాతీ మీది గీతలు, పై నుంచి రెక్కలు, తోక చివరి భాగం దగ్గరగా, ఈ మూడూ ఉండాలి. సాలీడుకి ఎదురుగా కళ్ల అమరిక, వీపు, వీలైతే గూడు. సీతాకోకచిలుకకి రెక్క కింది వైపు తప్పనిసరి.

నీ కెమెరా మోడలు, ఫ్లాష్ ఏదో, లెన్స్ ముందు రాసి ఉన్న మర (ఫిల్టర్ థ్రెడ్) సైజు ఎంతో రాయి. డిఫ్యూజర్ ఏ కొలతల్లో కోసుకోవాలో బొమ్మ గీసి పెడతాను.